లస్కర్‌తో విత్తనాలు కూడా పంచిపిద్దామా: కెర్నెల్లో ఏది ఉండాల, ఏది వద్దు

"సార్, ఏఐ మోడల్‌ని కెర్నెల్లోనే పెట్టేస్తే ఫాస్ట్ అయితాది గదా సార్" అని పోయిన నెల ఒక పిల్లోడు అడిగినాడు. నేను కర్నూల్లో ఆదివారాలు కొంతమంది బీటెక్ పిల్లోళ్లకి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) సబ్జెక్ట్ చెప్తుంటా, టీ టైములో వచ్చిన డౌటు ఇది. కెర్నెల్ అంటే ఓఎస్‌కి గుండె లాంటిది, మిషన్ మీద పూర్తి అధికారం ఉండే భాగం. పక్కనోళ్లు నవ్వినారు కానీ నవ్వాల్సిందేం లేదు, ఇదే స్పీడు ఆశతో మైక్రోసాఫ్ట్ అంతటోళ్లే ఒకప్పుడు చేతులు కాల్చుకున్నారు.

ముందు మా కేసీ కాలవ సంగతి చెప్తా. సుంకేసుల కాడ తుంగభద్ర నీళ్లు పట్టుకుని కడప దాకా పోయే కాలవ, తూముల దగ్గర గేట్లు ఎత్తి దించేది లస్కర్. పైన ఊరోళ్లకీ కింద ఊరోళ్లకీ నీళ్ల కాడ నమ్మకం ఉండదు, అందుకే మధ్యలో ఆయన కావాల. వచ్చిన నీళ్లతో నువ్వు వరి పెట్టుకుంటావో పసుపు పెట్టుకుంటావో ఆయనకి అనవసరం. ఎట్లాగూ ఆయన దగ్గరికి పోతాం గదా, విత్తనాలూ మందుకట్టలూ ఆయనే ఇచ్చేస్తే మనకి తిరుగుడు తప్పుతాది అనుకుంటే వినేదానికి బానే ఉంటాది, ఆయనకి జొరమొచ్చి పండుకున్న రోజు మాత్రం విత్తనాలతో పాటు నీళ్లూ ఆగిపోతాయి.

కెర్నెల్ చేసే పనీ ఇదే, సీపీయూ టైము, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు ఇవన్నీ ఒకదాన్నొకటి నమ్మని ప్రోగ్రాములకి పంచాల. బయట ఏ ప్రోగ్రామ్ పడిపోయినా అదొక్కటే పోతాది, కెర్నెల్లో తప్పు జరిగితే మిషన్ మొత్తం పోతాది. ఇది నా సొంత తెలివి కాదులే, డెన్మార్క్‌లో పెర్ బ్రింక్ హాన్సెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1969లోనే ఆర్‌సీ 4000 మిషన్‌కి నడిమధ్యలో చాలా చిన్న న్యూక్లియస్ (కెర్నెల్ లాంటిదే) మాత్రం పెట్టి, ప్రాసెస్‌లని (నడుస్తుండే ప్రోగ్రాములని) పుట్టించడం, వాటి మధ్య మెసేజ్‌లు అందించడం లాంటి పనులే దానికిచ్చి, ఎవరిని ఎట్లా నడపాలనే నిర్ణయాలు పైనుండే ప్రోగ్రాములకి వదిలేసినాడు.

మరి తెలిసీ ఎందుకు లోపలికి తోస్తారంటే, స్పీడు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0లో అప్పటిదాకా బయట మామూలు ప్రాసెస్ మాదిరి ఉన్న గ్రాఫిక్స్ కోడ్‌ని కెర్నెల్ మోడ్‌లోకి, అంటే కెర్నెల్ అధికారాలతో నడిచేట్లు లోపలికి తీసుకుపోయినారు. అప్పటి మిషన్లకి లోపలికీ బయటికీ తిరిగే ఖర్చు తక్కువేం కాదు, కాబట్టి ఆ రోజుకి అది తిక్క నిర్ణయం అని నేననను. కానీ దాని ఎనకాలే ఫాంట్లు చదివే కోడ్ కూడా లోపలికి పోయింది, ఫాంట్ అంటే యాడి నుంచో ఎవరో పంపే ఫైలు. 2011లో డుకు అనే మాల్వేర్ వర్డ్ డాక్యుమెంట్లో ఒక దొంగ ఫాంట్ పెట్టి పంపి ఏకంగా కెర్నెల్‌నే పట్టుకుంది. అక్షరాలు గీసే పనికి ఇంటి తాళాలన్నీ ఎందుకప్పా? విండోస్ 10 నాటికి ఫాంట్లు చదివే పని మళ్లీ బయటికొచ్చింది.

లినక్స్ వాళ్లూ తక్కువేం కాదు. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్లో కేహెచ్‌టీటీపీడీ అని ఏకంగా వెబ్ సర్వరే ఉండేది, 2.6 వచ్చేసరికి తీసేసినారు. నాకు బాగా నచ్చిన కత ఇదే. వెబ్ సర్వర్లకి నిజంగా తక్కువైంది రెండు చిన్న వస్తువులు, ఫైలుని మధ్యలో కాపీలు లేకుండా నేరుగా సాకెట్‌కి (నెట్‌వర్క్ కనెక్షన్‌కి) పంపే సెండ్‌ఫైల్, వేల కనెక్షన్లలో ఏది రెడీగా ఉందో చెప్పే ఈపోల్. అవి కెర్నెల్ ఇచ్చినాక బయటున్న సర్వర్లే స్పీడుగా ఉరికినాయి. అంటే ఎవరన్నా పెద్ద మూట తెచ్చి లోపల పెట్టమంటే అందులో కెర్నెల్ తప్ప ఇంకెవరూ చేయలేని ముక్క ఏదో ఎతికి, దాన్ని మాత్రం తీసుకుని మిగతాది వాపసు ఇచ్చేయాల.

ఇట్లా వేరు చెయ్యకపోతే ఏమయితాదో 2024 జులై 19న అందరం చూసినాం. క్రౌడ్‌స్ట్రయిక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ విండోస్ కెర్నెల్లో ఉండేది, దానికి వచ్చిన ఒక అప్‌డేట్ ఫైలు కోసం కోడ్ 20 ఇన్‌పుట్లు మాత్రమే ఇస్తుంటే 21వది చదవబోయి లేని మెమరీలో చెయ్యి పెట్టింది, అంతే, 85 లక్షల మిషన్లకి నీలం స్క్రీన్. శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో కూడా తిరిగింది. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి లోపల ఏం జరుగుతాందో చూసే కిటికీ కావాల, ఒప్పుకుంటా, కానీ రోజూ మారే ఫైళ్లని చదివి అర్థం చేసుకునే పని లోపలెందుకు? ఆపిల్ 2019లో కాటలినా అనే మ్యాక్ ఓఎస్ వర్షన్‌తోనే ఇట్లాంటోళ్లని బయటికి పంపే దారి పట్టింది.

ఇంకో చిక్కుంది. కేసీ కాలవని 1860లలో తవ్వేటప్పుడు సాగుకే కాకుండా పడవల రవాణాకీ పనికొచ్చేట్లు తవ్వినారు, ఇప్పుడు పడవల్లేవు. కెర్నెల్లో పడవ, అంటే ఒకసారి చేర్చిన పాత వసతి, అంత సులువుగా పోదు, ఎందుకంటే పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన కట్టుబాటు గట్టిది, ఎవరో ఒకరు యాడో ఒకచోట వాడుతుంటే దాన్ని మోస్తూనే ఉండాల. చేర్చేటప్పుడు ఎంతమంది అడిగినారని చూస్తే చాలదు, ఇరవై ఏళ్లు దీన్ని ఎవరు సాకుతారని కూడా అడగాల, ఈ ప్రశ్న మాత్రం శానామందికి రుచించదు.

అట్లని ఏదీ రానీయొద్దని కాదు. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ 5.6 కెర్నెల్లోకి వచ్చింది, అదొక వీపీఎన్ (ట్రాఫిక్‌ని తాళం వేసి పంపే దారి), కానీ కోడ్ నాలుగు వేల లైన్ల దరిదాపు, పైగా బయట పెడితే ప్రతి ప్యాకెట్టూ బయటికి పోయి మళ్లీ లోపలికి రావాల. ఇట్లాంటిదానికి నాకు అభ్యంతరం లేదు. ఫైల్ షేరింగ్‌కి బయట సాంబా అనే ప్రోగ్రామ్ బంగారం మాదిరి పనిచేస్తుంటే 2021లో 5.15లోకి అదే పని చేసే కేఎస్ఎంబీడీని తెచ్చినారే, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంక మా పిల్లోడి ఏఐ మోడల్. కెర్నెల్ కోడ్‌లో దశాంశాల లెక్కలు ఇష్టమొచ్చినట్లు చేయకూడదు, ఆ లెక్కలకి సీపీయూలో ఉండే రిజిస్టర్లలో (చిన్న గూళ్లలో) బయటి ప్రోగ్రాముల విలువలు ఉంటాయి, కెర్నెల్ స్టాక్ (పని చేసేటప్పుడు వాడే జాగా) చూస్తే 64 బిట్ ఇంటెల్ మిషన్లలో 16 కేబీ, మోడలేమో జీబీల్లో. ఇవన్నీ చెప్పినాక వాడి ప్రోగ్రామే తెరిచి చూసినాం, ప్రతి రన్‌కీ వెయిట్స్ ఫైలు (మోడల్ నేర్చుకున్న అంకెలుండేది) మొత్తం కొత్తగా మెమరీలోకి కాపీ చేసుకుంటాండాడు. ఎమ్‌మ్యాప్ వాడమన్నా, ఫైలుని కాపీ చేయకుండానే మెమరీ మాదిరి చదవనిచ్చేది, అది కెర్నెల్లో ఎప్పట్నుంచో ఉండేదే. వాడు ఊరుకోలేదు, "మరి నా ప్రోగ్రామ్‌కే సీపీయూ ముందు ఇయ్యాలంటే సార్?" అన్నాడు. దానికీ దారుంది, షెడ్‌ఎక్స్‌ట్, అభ్యంతరాలు వచ్చినా లైనస్ తీసుకున్నాడు, 2024 చివర్లో లినక్స్ 6.12తో వచ్చింది, నీ షెడ్యూలింగ్ పద్ధతిని నువ్వే రాసి ఎక్కించొచ్చు, నీది తేడా కొట్టి పనులు ఆగిపోతే కెర్నెల్ నిన్ను దించేసి తన పాత పద్ధతికి పోతాది. వాడు ఆ రాత్రే రాసి ఎక్కించినాడంట, మూడుసార్లు దించేసిందంట.