ఐడియల్ వెయిట్ చార్టు గారికి, ఒక షాట్‌పుట్ పిల్ల తండ్రి రాయునది

మహారాజశ్రీ చార్టు గారి దివ్య సముఖమునకు,

శనివారం ట్రయల్స్‌లో తమరి దర్శనభాగ్యం కలిగింది. కోచ్ గారి టేబుల్ వెనక గోడ మీద, లామినేషన్ ఒక మూల లేచిపోయి, అడుగున ప్రొటీన్ పౌడర్ ప్రకటనతో వెలిగిపోతున్నారు. బెంగళూరు ట్రాఫిక్‌లో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా మండుటెండలో స్కూటర్ మీద వచ్చినవాళ్లం, కాసిని మంచినీళ్లు ఇస్తారేమో అనుకున్నాం. ముందు కాటా ఎక్కమన్నారు.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. కోచ్ గారు తమరి గళ్ల మీద వేలు అటూ ఇటూ జరిపి, "వెయిట్ జాస్తి సార్, కమ్మి మాడ్కొండు బన్ని" అన్నారు. ఆరేడు కిలోలు తగ్గించుకు రావాలట. అంతే. గుండు ముట్టుకోనివ్వలేదు. మూడు కిలోల ఇనప గుండు అక్కడే నేల మీద ఉంది. మా పిల్ల అప్పటికే చేతికీ మెడకీ చాక్‌పొడి రాసుకుని రెడీ అయిపోయింది.

తమరి వంశం గొప్పదే, కాదనను. 1830లలో బెల్జియంలో క్వెట్లె అనే గణాంకవేత్త, సగటు మనిషి ఎలా ఉంటాడో చూద్దామని బరువుని ఎత్తు వర్గంతో భాగించాడు. తర్వాత అమెరికా బీమా కంపెనీలు, పాలసీ తీసుకున్నవాడు ఎన్నాళ్లుంటాడో లెక్కేసుకోవడానికి పట్టికలు వేయించుకున్నాయి. 1972లో యాన్సెల్ కీస్ ఆ భాగహారానికి బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ అని నామకరణం చేశాడు. గుండు ఎంత దూరం పడుతుందన్న ప్రశ్న వీళ్లెవరికీ రాలేదు. కండేదో కొవ్వేదో తమరికి తెలీదు. పైగా తమరు పెద్దవాళ్ల పట్టిక, పెరిగే పిల్లలకి వయసును బట్టి చూసే చార్టు వేరే ఉంది.

మగవాళ్ల షాట్‌పుట్ ప్రపంచ రికార్డు 23.56 మీటర్లు, 2023లో రయన్ క్రౌజర్ వేశాడు. రెండు మీటర్ల మనిషి, సుమారు 145 కిలోలు. తమరి లెక్కలో బీఎంఐ 36 దగ్గర, అంటే స్థూలకాయుడు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు మెడలో వేసుకొచ్చినా "తగ్గి రా నాయనా" అంటారన్నమాట. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారే దిగొచ్చినా తమరి ముందు ఫెయిలే!

బరువుతో పనిలేదని నేననట్లేదు. మారథాన్ పరిగెత్తేవాళ్లకి, హైజంప్ చేసేవాళ్లకి ప్రతి కిలో మోతబరువే. కానీ గుండు విసరాలంటే వెనకాల ఒళ్లుండాలి. కాళ్లలో పుట్టి నడుములోంచి పైకొచ్చిన ఊపుని గుండులోకి నెట్టేది ఆ ఒళ్లే. వెయిట్‌లిఫ్టింగ్‌లో 54 కిలోల కేటగిరీలో ప్రపంచ ఛాంపియన్ అయిన కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 69 కిలోల కేటగిరీలో. కుస్తీ సంగతి వేరు. పారిస్‌లో వినేశ్ ఫోగట్ రాత్రంతా కష్టపడి, జుట్టు కూడా కత్తిరించుకుని, వంద గ్రాముల దగ్గర ఫైనల్ పోగొట్టుకుంది. ఘోరమే గానీ అక్కడ రూల్ ఉంది. షాట్‌పుట్‌లో బరువు కేటగిరీలే లేవు కదా! లేని రూలు మా పిల్ల నెత్తిన రుద్దడానికి నువ్వెవరు?

అవును, నువ్వే. మర్యాద చాలు.

ఆ రాత్రి మా అమ్మాయి పెరుగన్నం వద్దంది. "ఆకలిగా లేదు నాన్నా" అంది. రోజూ గిన్నె అడుగు గీకి తినే పిల్ల. ఆడే పిల్లలు తిండి తగ్గిస్తే నెలసరి తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి, కండ కరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీయే 2014 నుంచీ దీని గురించి హెచ్చరిస్తోంది. కండ కరిగితే గుండు ఇంకా దగ్గర పడుతుంది. దగ్గర పడితే మీ కోచ్ ఇంకో రెండు కిలోలు తగ్గమంటాడు. తగ్గడానికి అడుగున ప్రొటీన్ పౌడర్ ఉండనే ఉంది! నీకన్నా రైల్వే స్టేషన్‌లో రంగు లైట్ల బరువు మిషన్ నయం, రూపాయి తీసుకుని వెనకాల మంచి జాతకమైనా అచ్చేసి ఇచ్చేది. మా లిఫ్టులో "ఏమ్మా, కాస్త ఒళ్లు చేశావు?" అనే ఆంటీ కూడా నయం, ఆవిడ ఎవర్నీ టీములోంచి తీసెయ్యదు.

నెలాఖరుకి ఇంకోచోట ట్రయల్స్ ఉన్నాయి. అక్కడి గోడ మీదా నువ్వుంటావని తెలుసు. ఈసారి ముందు గుండు వేయనివ్వమంటాను, టేపు పట్టి కొలవమంటాను. కాటా ఆ తర్వాతే. కుదరదంటే అక్కడే కూర్చుంటాను, శనివారాలు నాకు సెలవే.

ఇట్లు,
మారు వడ్డించడం మానని
ఓ నాన్న