మ్యూజియం గడప ఎవరికి దగ్గరైంది?

సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం ముందు, ముఖ్యంగా మధ్యాహ్నం 12 గంటల వేళ, చంటిపిల్లలను భుజాలకెత్తుకుని మరీ జనం చేరి, గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే క్షణం కోసం ఎదురుచూడటం హైదరాబాద్ చూడవచ్చిన తెలుగు కుటుంబాలకు తరాలుగా తెలిసిన ముచ్చట. 2020 మార్చిలో కరోనా ఆ గుంపును చెదరగొట్టింది. ఆ ఏడాది మే నాటికి ప్రపంచంలోని మ్యూజియాలలో 90 శాతం, అంటే 85 వేలకు పైగా, తలుపులు మూసుకున్నాయని యునెస్కో అంచనా వేసింది.

మూసిన తలుపుల వెనుక నుంచి జనాన్ని పలకరించడానికి మ్యూజియాలు చేసిన ప్రయత్నాలలో కొన్ని ముచ్చటైనవి. ఇంట్లో ఉన్న ఏవైనా మూడు వస్తువులతో నచ్చిన కళాఖండాన్ని అనుకరించి ఫొటో పంపమని లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియం పిలుపునిస్తే, దుప్పట్లు, తువ్వాళ్లు, వంటపాత్రలతో జనం చెలరేగిపోయారు. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో ఒక గ్యాలరీ ఖాళీ గదుల్లో రోబోను తిప్పుతూ ఇళ్లలో చిక్కుకున్నవారికి బొమ్మలు చూపించింది. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మందిరం తన వేసవి కళా కార్యక్రమం 'నైమిష'ను ఆన్‌లైన్‌లో నడిపింది. వీటిలో గెటీ పద్ధతే మాకు ఎక్కువగా నచ్చింది. అది ప్రేక్షకుడి చేతికి పని ఇచ్చింది. ఫొటోలను గుట్టగా పోసి వర్చువల్ టూర్ అని పేరు పెడితే సరిపోదు. సాలార్‌జంగ్‌లోని జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని దయ్యం మెఫిస్టోఫిలిస్ ముందు వైపు, యువతి మార్గరెటా వెనుక వైపు ఉండేలా చెక్కిన చెక్క శిల్పాన్నే తీసుకుంటే, ముందు నిలిచినవారికి గర్వంతో నిక్కిన పురుషుడు, వెనుకనున్న అద్దంలో తలవంచిన యువతి ఒకేసారి కనిపిస్తారు. ఒక్క ఫొటోకు ఆ విస్మయం చిక్కదు. పక్కన నిలబడి అద్దం వైపు వేలు చూపించే మనిషి ఉంటే కొంతవరకు చిక్కుతుంది.

ఆ మనిషి ఏ భాషలో మాట్లాడాడన్నది అసలు ప్రశ్న. ఆ రోజుల్లో వచ్చిన వెబినార్లలో, ఆన్‌లైన్ ప్రసంగాలలో ఇంగ్లీషుదే పెత్తనం. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో కూడా తెలుగు మాధ్యమం పిల్లవాడు బయటే నిలబడ్డాడు. తిరిగి తెరిచినప్పుడు మరో చిక్కు వచ్చింది. కేంద్ర పురావస్తు శాఖ 2020 జులై 6 నుంచి కట్టడాలను తెరవడానికి అనుమతిస్తూ సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టి, కౌంటర్ టికెట్లు మాని ఈ-టికెట్లే అమ్మింది. సెప్టెంబరు 21న తెరుచుకున్న తాజ్‌మహల్‌కు రోజుకు 5 వేల మందినే అనుమతించారు. రద్దీ తగ్గించడానికి అది అవసరమేనని మేము ఒప్పుకుంటాం. కానీ బటన్ ఫోను పట్టుకుని ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన రైతుకు, గేటు దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్ గోడతో సమానం. అంటురోగపు ఆంక్షలు పోయాక కూడా ఫోనులోనే టికెట్ కొనమనడం ఎక్కడా నియమం కాకూడదు. కౌంటర్ ఉండి తీరాలి.

తెర శక్తిని మేము తక్కువ చేయడం లేదు. తెలంగాణలోని పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా 2021 జులై 25న దక్కింది. ఏడాది వాయిదా పడి, చైనాలోని ఫూజౌ ఆతిథ్యంలో ఆన్‌లైన్‌లో జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశంలోనే ఆ నిర్ణయం వెలువడింది. పాలంపేట శిల్పాల గొప్పతనాన్ని దేశదేశాల ప్రతినిధులు తెరల మీద తేల్చగలిగినప్పుడు, మదనికలనే ఆ నాట్యభంగిమల స్త్రీ శిల్పాలను, నీటిలో తేలే ఇటుకలను శ్రీకాకుళంలోని ప్రభుత్వ బడికి తెరపై చూపించడం రెండు రాష్ట్రాల పురావస్తు, విద్యా శాఖలకు కష్టం కాదు. కొత్త యాప్‌లు, టెండర్లు అక్కర్లేదు. వారానికి ఒక రోజు, ముందే చెప్పిన వేళకు, గైడు ఒకరు ఫోను పట్టుకుని స్తంభం చుట్టూ తిరుగుతూ తెలుగులో చెప్పాలి. అవతల పిల్లలు ప్రశ్నలు అడగాలి. సాలార్‌జంగ్ దీన్ని 12 గంటల గడియారంతోనే మొదలుపెట్టవచ్చు.