నంబర్ వన్ ఎవరని మమ్మల్ని అడిగారా?

హైదరాబాద్‌లో సాయంత్రం ట్రాఫిక్‌లో ఏ ఎఫ్ఎం పెట్టినా "సిటీలో నంబర్ వన్ మేమే" అనే అరుపే. స్టేషన్ మారిస్తే వాళ్లదీ అదే మాట. అందరూ ఒకటో నంబరే అయితే రెండోవాడు ఎవరండీ?

అసలు లెక్క పెట్టిందెవరు? ఎఫ్ఎం శ్రోతల లెక్కల కోసం 2007లో వచ్చిన ర్యామ్ సర్వే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరులకే పరిమితమైంది. వినేవాళ్లకు డైరీ ఇచ్చి, ఏ పూట ఏ స్టేషన్ విన్నారో రాయించుకునే పద్ధతి అది. అందులో హైదరాబాదే లేదు. ఇక వరంగల్, విజయవాడ, రాజమండ్రి సంగతి చెప్పాలా? మా పేరు చెప్పి ప్రకటనలు అమ్ముకుంటారు, మమ్మల్ని మాత్రం ఒక్కరూ అడగరు.

పోనీ, పోటీ వల్ల మాకేమైనా ఒరిగిందా? అదీ లేదు. పొద్దున విన్న కొత్త పాటే మధ్యాహ్నం, మళ్లీ రాత్రి. పాట పల్లవి దాటకముందే జాకీ మాటలు మొదలు. ప్రకటనలైతే అందరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వేస్తారు. రియల్ ఎస్టేట్ వెంచర్, నగల షాపు, కోచింగ్ సెంటర్. ఎటు తిప్పినా అవే.

సొంతంగా వార్తలు చెప్పే అనుమతి ప్రైవేట్ ఎఫ్ఎంలకు లేదు, సరే. మంచి పాత పాట పూర్తిగా వేయడానికి ఎవరు అడ్డొచ్చారు? ఆ పాట రాసిందెవరో, పాడిందెవరో ఒక్క ముక్క చెప్పడానికి ఏం కష్టం? వివిధభారతిలో ఆ వివరాలు చెప్పి మరీ పాట వేస్తారు. మా నాన్న ఇప్పటికీ అదే వింటారు. ఆయన్ని ఏ సర్వేవాళ్లూ లెక్కలోకి తీసుకోలేదు.