57 తెరిచి కిటికీ వైపు చూడటం

నిన్నటి సంగతి. చెవుల వేడి ఇంకా తగ్గలేదు, చల్లారకముందే రాసేస్తున్నా.

లా ఫర్మ్‌లో జూనియర్ బతుకు గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మా గంటకి 10 ముక్కలు. ఒక్కోటి 6 నిమిషాలు, 0.1 అని రాస్తాం. మెయిల్ చదివితే 0.1, జవాబిస్తే 0.2. నిట్టూరిస్తే క్లయింటు కట్టడు. నెలాఖరుకి ఇదంతా టైమ్‌షీట్‌లోకి ఎక్కాలి, ఏం చేశామో ఒక్కో వాక్యంతో సహా. క్లయింటుకి బిల్లుగా వెళ్లేది అదే.

పోయిన నెలంతా నా పని, ఒక కంపెనీ చేతులు మారుతోందని దాని 212 లీజు ఒప్పందాలూ తెరిచి, యజమాని మారితే ఎవరి అనుమతి కావాలో వెతకడం. అన్నీ ఒకే అచ్చు. నలభయ్యోది దాటకముందే మనసు లేచి వెళ్లిపోయింది, ఒళ్లు మాత్రం కుర్చీలో కూర్చుని హాజరు వేయించుకుంది. ఊసుపోక ఎక్సెల్‌లో అసలు కాలమ్ పక్కన ఇంకోటి పెట్టుకున్నా, నిజాలు రాసుకోడానికి.

టైమ్‌షీట్‌లోకి ఏ కాలమ్ కాపీ చేశానో మీకు అర్థమైపోయుంటుంది.

సరే, తప్పు నాదే. కానీ బిల్లు నా దగ్గర్నుంచి తిన్నగా క్లయింటుకి పోదు కదా, నడుమ మా సీనియర్ గారున్నారు. నా డ్రాఫ్టులో కామా పక్కన ఖాళీ రెండుసార్లు పడితే ఎర్రగా చుట్టి వెనక్కి పంపే మనిషి, 11 పేజీల బిల్లు 'చూశాను' అని సంతకం పెట్టి పంపేశారు. ఆ చూడటానికి 0.5 కూడా వేసుకున్నారు, అదే బిల్లులో.

చదివింది క్లయింటు. ఈ మొత్తం వ్యవహారంలో మనసు పెట్టి ఒక కాగితం చదివిన ఏకైక ప్రాణి ఆవిడే. వీడియో కాల్ పెట్టించి, కళ్లజోడు సవరించుకుని, కోర్టులో వాంగ్మూలం చదివినట్టు మొదలుపెట్టారు. "57 తెరిచి కిటికీ వైపు చూడటం, 0.3. 58 తెరవాలా వద్దా అని ఆలోచన, 0.2. 58 తెరవలేదు, 0.1." ఇక్కడ ఆగి నీళ్లు తాగారు. నేను మ్యూట్‌లోనే ఉన్నానా అని మూడోసారి చూసుకున్నా. "సీనియర్ గారు గది ముందు నుంచి వెళ్తుంటే గట్టిగా టైప్ చేయడం, 0.1." తలెత్తి అడిగారు, "గది దాటడానికి 6 నిమిషాలా?"

మా సీనియర్ అలవాటు కొద్దీ, "అది మినిమమ్ యూనిట్ అండీ" అన్నారు.

సాయంత్రానికి హెచ్‌ఆర్ సర్వే ఒకటి దిగింది, పనిలో మీరెంత లీనమై ఉన్నారు, 1 నుంచి 5. పేరు అక్కర్లేదట, లింకులో మాత్రం నా ఉద్యోగి నంబరుంది. 5 కొట్టా. రేపు పొద్దున్నకల్లా సంజాయిషీ రాసివ్వమన్నారు సీనియర్ గారు. గంటన్నర పట్టేట్టుంది, ఏ క్లయింటు కోడ్ కింద వేయమంటారని అడిగితే ఫోన్ పెట్టేశారు.