గుర్తింపు కార్డుల ముద్రణను ఆదేశాలకు అప్పగించండి

ఉద్యోగుల గుర్తింపు కార్డుల పని చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఒక్క మనిషి చేతి అలవాటు మీదే నడుస్తోంది. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిచి, పేరు అతికించి, ఫొటో సర్ది, బటన్ నొక్కాలి. మూడు వందల మంది చేరితే మూడు వందల సార్లు ఇదే తంతు. ఈ పనికి తగినది కమాండ్ లైన్ సాధనమే, అంటే మౌసుతో నొక్కకుండా ఆదేశం టైపు చేసి నడిపే ప్రోగ్రామే.

కార్డు కొలతను ఐఎస్ఓ 7810 అనే అంతర్జాతీయ ప్రమాణం ఎప్పుడో తేల్చింది: 85.60 × 53.98 మిల్లీమీటర్లు. మారేవల్లా పేరు, నంబరు, హోదా, ఫొటో. వివరాలు సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన సాదా పట్టికలో), కార్డు నమూనా ఎస్‌వీజీలో (అక్షరాలుగా రాసి ఉండే బొమ్మ ఫైలులో) ఉంటే చాలు. చిన్న స్క్రిప్టు, అంటే ఆదేశాల వరుస రాసిన ఫైలు, పట్టికలోని ఒక్కో వరుసనూ నమూనాలో నింపి ప్రింటర్‌కు పంపేస్తుంది.

అసలు విషయం తప్పుల దగ్గర ఉంది. కార్డులు ముద్రించే డై సబ్లిమేషన్ ప్రింటర్లు రిబ్బన్‌లోని రంగును వేడితో కార్డు మీదికి ఎక్కిస్తాయి. వాటి రిబ్బన్‌లో సాధారణంగా పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, పైపూత పట్టీలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ముద్రించింది ఒక్క అక్షరమే అయినా కార్డుకొక వరుస పట్టీలు ఖర్చయిపోతాయి. పేరులో ఒక్క దీర్ఘం తప్పితే కార్డూ పోయింది, రిబ్బనూ పోయింది. అంతకన్నా ఆందోళన కలిగించేది మరొకటి: వాడేసిన నలుపు పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఉద్యోగి పేరు, నంబరు చక్కగా చదవవచ్చు. తప్పు కార్డు తీసిన ప్రతిసారీ చెత్తబుట్టలోకి ఇంకొకరి వివరాలు చేరుతున్నాయి. సరిగా రాసిన సాధనం ముద్రణకు ముందే ఫొటో లేని వరుసను, రెండుసార్లు వచ్చిన నంబరును, గడిలో పట్టని పేరును పట్టుకుని, వరుస సంఖ్య చెప్పి మరీ ఆగిపోతుంది.

హెచ్‌ఆర్ సిబ్బందికి ఆదేశాలు టైపు చేసే నల్లతెర కొరుకుడు పడదని కొందరంటారు. ఫొటోలో ముఖం సరిగా కుదిరిందో లేదో చూడటానికి మనిషి కన్ను కావాలి, నిజమే. ఆ ఒక్కటీ కంటితో చూసుకోండి. మిగతాదానికి వాళ్లు నేర్వవలసింది ఒక్క ఆదేశం.

మౌసుతో చేసిన పని చాలావరకు ఆనవాలు లేకుండా పోతుంది. ఆదేశం రాతపూర్వకం. స్క్రిప్టును, నమూనాను ఫైళ్లలో జరిగే మార్పులను నమోదు చేసే గిట్‌లో ఉంచితే నమూనాలో అంచును ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. జరిగిన ప్రతి పనినీ రాసుకునే లాగ్ ఫైలు ఉంచితే ఒకే నంబరుకు రెండో కార్డు ఏ రోజున వెలువడిందో తెలుస్తుంది. తలుపులు తెరిచే కార్డు విషయంలో ఈ లెక్క లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. కార్డులే కాదు, జీతాల చీటీలు, సెలవుల పట్టికలు తయారుచేసే పద్ధతి కూడా ఎవరో ఒకరి తలలోనే ఉండిపోతోంది. వాళ్లు సెలవు పెడితే పని ఆగిపోతుంది, ఉద్యోగం మానేస్తే పద్ధతే పోతుంది. నిన్న చేరిన ఉద్యోగి సాధనాన్ని ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైలు చదివి, ఎవరినీ అడగకుండా ఈ రోజు తన కార్డు తానే ముద్రించుకోగలగాలి.