కళ్లద్దాల షాపును అడిగేదెవరు?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, నూరో నంబరు సన్న నూలు వడికే ఆడవాళ్లకు కళ్లజోడు కూడా రాట్నంలాంటి పనిముట్టే. చత్వారం వచ్చాక అది లేకుంటే తెగిన పోగు కనబడదు. ఆ జోడే తప్పయితే కళ్లు లాగుతాయి, తలపోటు వస్తుంది, నడుస్తుంటే నేల ఎత్తుపల్లాలుగా అనిపిస్తుంది. షాపులో చెబితే వచ్చే జవాబు తెలిసిందే: "కొత్త కదమ్మా, నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది."

కొన్నిసార్లు అది నిజమే. కానీ కనుపాపల మధ్య దూరం కొలవకుండా అద్దం బిగించినా, మసక చూపు సరిచేసే సిలిండర్ పవర్ కోణం (యాక్సిస్) పక్కకు జరిగినా అలవాటు పడమనడం అన్యాయం. అంతకన్నా ఘోరం, నీటికాసులున్న (గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) మనిషిని డాక్టరు దగ్గరకు పంపకుండా ఏడాదికో పవర్ మార్చడం. ఈలోగా పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు.

శ్రీకాకుళంలో మందుల షాపు పెట్టాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాల్సిందే. పక్కనున్న కళ్లద్దాల షాపులో మాత్రం అలా అద్దాల పనికి రిజిస్టరైన మనిషి ఉండాలన్న నియమం లేదు. అద్దాల పని వచ్చా అని అడిగేవారు లేరు. తప్పు చేస్తే రద్దు చేద్దామన్నా, ఆ పనికంటూ ఇచ్చిన లైసెన్సే లేదు.

అనుబంధ ఆరోగ్య వృత్తులపై 2021లో వచ్చిన కేంద్ర చట్టం చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టులను, కంటి డాక్టర్లకు సాయపడే ఆప్తాల్మిక్ అసిస్టెంట్లను రిజిస్టరు కిందికి తెచ్చింది. దుష్ప్రవర్తన రుజువైతే, వాళ్ల వాదన విన్నాకే, పేరు తీసేయొచ్చు. ఇది మంచి పద్ధతి, నిజాయతీగా పనిచేసేవాళ్లకూ రక్షణే. అద్దం బిగించి అమ్మే చేతికీ ఇదే వర్తించాలని మేం కోరుతున్నాం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. బిల్లు మీద పవర్, కనుపాపల దూరం, బిగించినవారి పేరు రాయాలి.

ఇప్పటికైతే ఉన్న దారి వినియోగదారుల కమిషనే. 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు లేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదూ చేయొచ్చు. కానీ బిల్లే ఇవ్వకపోతే ఏం చూపించి ఫిర్యాదు చేయాలి? వాయిదాకు తిరిగితే పోయే కూలి ఎవరిస్తారు? అందుకే రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో వారానికో పూట, జనం తెచ్చిన కళ్లజోళ్లను అద్దం పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి, డాక్టరు చీటీలో రాసిన పవర్‌తో పోల్చి, తేడా ఉంటే సంతకంతో రాసివ్వాలి. ఒక్కో జోడుకు ఐదు నిమిషాల పని. కలెక్టర్లు తలచుకుంటే వచ్చే సోమవారమే మొదలుపెట్టొచ్చు.