విశాఖకు సైకిల్ దారి కావలసింది గాజువాక రోడ్డులో

విశాఖపట్నంలో సైకిల్ గురించి ఎవరు మాట్లాడినా మాట చివరకు బీచ్ రోడ్డుకే చేరుతుంది. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం వచ్చిందంటే సముద్రతీరంలో ర్యాలీ, ఒకే రంగు టీషర్టులు, జెండా ఊపే ప్రజాప్రతినిధి, మర్నాటి పత్రికల్లో ఫొటో. ఎండ ముదిరేసరికి ఆ సైకిళ్లలో చాలావరకు కార్లకెక్కి ఇళ్లకు వెళ్లిపోతాయి. సరిగ్గా ఆ వేళకే కూర్మన్నపాలెం నుంచి గాజువాక మీదుగా ఎన్ఏడీ కూడలి దాకా జాతీయ రహదారి అంచున తెల్లగీత పట్టుకుని మరో రకం సైకిళ్లు సాగుతుంటాయి. రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు, హ్యాండిల్‌కు టిఫిను క్యారేజీ తగిలించుకున్న కాంట్రాక్టు కార్మికుడు, కేరియరుకు ఇరువైపులా పాల క్యాన్లు కట్టుకున్న మనిషి వాటి మీద కనిపిస్తారు. ఈ నగరానికి సైకిల్ విధానం అంటూ ఒకటి ఉండాలంటే అది వీళ్ల దగ్గర మొదలు కావాలన్నది నా వాదన. రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ ఎన్నికల గుర్తే సైకిల్ అయిన చోట ఈ మాట ఇంత వివరంగా చెప్పుకోవలసి రావడం విచిత్రమే.

సరదాగా తొక్కేవారికీ రోజూ తొక్కేవారికీ మధ్య తేడాను మన ఊరి నేల స్వరూపమే తేల్చిపెట్టింది. ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో మిగిలిన పళ్లెంలో పోర్టు, రిఫైనరీ, షిప్‌యార్డు, నౌకాదళ స్థావరం, విమానాశ్రయం తలా ఇంత చోటు తీసుకున్నాయి. జనానికి మిగిలిన దారి సన్నటిది. గాజువాక నుంచి ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా మధురవాడ చేరాలంటే 16వ నంబరు జాతీయ రహదారే దిక్కు. అల్లిపురంలోనో అక్కయ్యపాలెంలోనో సైకిల్ తొక్కేవాడికి సందుగొందులున్నాయి. శీలానగర్ దగ్గర తొక్కేవాడికి లారీ పక్కన మూరెడు తారు తప్ప మరేమీ లేదు. ఎవరైనా హైవే మీద సైకిలేమిటని కోప్పడితే, ఆయన ముందు ప్రత్యామ్నాయ వీధి ఏదో చూపించాలి.

ఇక్కడ అసలు సమస్య వేగం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్లపై కారు గంటకు 70 కిలోమీటర్ల దాకా, మోటారు సైకిల్ 60 దాకా వెళ్లవచ్చు. అంటే తాగకుండా, ఫోన్ చూడకుండా, చట్టం మీరకుండా నడిపే డ్రైవరు కూడా సైకిల్ మనిషి పక్కనుంచి 70లో దూసుకుపోవచ్చు. ఢీకొట్టే శక్తి వేగంతో పాటు వరుసగా పెరగదు. వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30లో వెళ్లే కారుకున్న శక్తికి 70లో వెళ్లే అదే కారుకు అయిదు రెట్లకు మించి ఉంటుంది. 70లో ఉన్న డ్రైవరు ఎదుట సైకిల్‌ను చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక్క సెకను తీసుకున్నా ఆలోగా బండి 19 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. 40లో అయితే 11 మీటర్లు. ఆ ఎనిమిది మీటర్ల తేడాలోనే చాలా ఇళ్ల దీపాలు నిలుస్తాయి, ఆరిపోతాయి. వాహనాలూ మనుషులూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం ప్రకటించింది. మన పరిమితి దానికి రెండింతలు దాటి ఉంది.

జాతీయ రహదారి కదా, నెమ్మదిగా వెళితే సరుకు రవాణా ఏమవుతుందని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు కొన్నేళ్ల కిందటే తారు పోసి మరీ సిద్ధం చేశారు. అనకాపల్లి నుంచి ఆనందపురం వరకు నగరాన్ని తాకకుండా ఆరు వరుసల రోడ్డు వేసింది దూరప్రాంత వాహనాలు ఊళ్లోకి రాకుండా వెళ్లిపోవడానికే. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే లారీకి ఇప్పుడు మద్దిలపాలెంతో పని లేదు. నగరంలో మిగిలిన రహదారి పేరుకు జాతీయమైనా పనికి ఊరి వీధి: దాని మీద బస్టాపులున్నాయి, కాలేజీలున్నాయి, ఆస్పత్రులున్నాయి, రైతుబజారుకు వెళ్లే వాళ్లున్నారు. ఊరి వీధికి హైవే వేగం ఎందుకు? లంకెలపాలెం దాటగానే 40 పరిమితి పెట్టి, దాన్ని కెమెరాలతో అమలు చేస్తే మధురవాడ చేరడానికి నిజంగా కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. రద్దీ వేళ ఆ పాటి వేగం కూడా దక్కడం లేదు కాబట్టి ఈ నష్టం తెల్లవారుజామునా రాత్రిపూటా మాత్రమే తెలుస్తుంది. షిఫ్టు మారే కార్మికుడు రోడ్డు మీద ఉండేది కూడా సరిగ్గా అప్పుడే.

డ్రైవర్ల ప్రవర్తనను మర్యాద సమస్యగా చూసి సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. వెనక నుంచి హారన్ మోగిందంటే సైకిల్ తప్పుకోవాలన్నది రాయని చట్టం. తప్పుకునే చోటు ఎలా ఉంటుందో కారు అద్దంలోంచి కనిపించదు. రోడ్డంచున తారుకూ మట్టికీ మధ్య జానెడు గట్టు ఉంటుంది. ఇసుక, గాజు పెంకులు, ఒకవైపు కుంగిన డ్రైనేజీ మూతలు ఉంటాయి. ఆ గట్టు దిగి మళ్లీ ఎక్కితే ట్యూబు రిమ్ముకూ తారుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, లేదా హ్యాండిల్ తిరగబడి మనిషే పడతాడు. అందుకే అనుభవం ఉన్నవాడు అంచు నుంచి మూడు అడుగులు లోపలికి తొక్కుతాడు. అది చూసిన డ్రైవరుకు అతను నడిరోడ్డున పోతున్న మొండివాడుగా కనిపిస్తాడు, భుజం రాసుకునేలా పక్కనుంచి లాగించి బుద్ధి చెప్పాననుకుంటాడు. బస్సు అతన్ని దాటీ దాటగానే స్టాపు కోసం ఎడమకు కోస్తుంది. ఆటో చెయ్యెత్తిన మనిషిని చూసి నిలువునా ఆగుతుంది. ఆగిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటుంది. జర్మనీలో ఊళ్లో సైకిల్‌ను దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం పాటించాలని 2020లో నిబంధనల్లోనే రాశారు. మన దగ్గర స్తంభాల మధ్య ఎనిమిది అంకె తిప్పి చూపించి లైసెన్సు తీసుకున్న మనిషికి ఆ మీటరున్నర సంగతి ఎవరూ చెప్పరు.

ప్రమాదం జరిగాక కథ ఇంకా అన్యాయంగా నడుస్తుంది. సైకిల్‌కు నంబరు ప్లేటు లేదు, బీమా లేదు, దాని యజమానికి వకీలు లేడు. అయితే అతన్ని గుద్దిన వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, ఆ చట్టం దృష్టిలో మూడో వ్యక్తి ఇతనే. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా మరణిస్తే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు అడిగే హక్కు ఉంది. గుద్దిన వాహనం దొరక్కపోయినా 2022 ఏప్రిల్ నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం ఉంది. ఇవేవీ తెలియని కుటుంబం రోడ్డు మీదే జరిగే పంచాయితీలో కట్టు ఖర్చులు తీసుకుని కాగితం మీద సంతకం పెట్టేస్తుంది. ర్యాలీలో టీషర్టు వెనక ముద్రించవలసిన సమాచారం ఏదైనా ఉంటే అది ఇదే.

ఎదుటి పక్షానికీ చెప్పుకోదగ్గ మాటలు లేకపోలేదు. విశాఖ ఉక్కపోతలో ఆఫీసుకు సైకిల్ మీద వెళితే చొక్కా తడిసిపోతుంది. హనుమంతవాక ఎత్తు ఎక్కడం అందరి వల్లా కాదు. సైకిల్ వాళ్లు ఎదురుగా వస్తారు, రాత్రిపూట దీపం పెట్టుకోరు. నిజమే. చొక్కా తడుస్తుందని వాహనం ఎంచుకునే వెసులుబాటు ఉన్నవారి గురించి నేను రాయడం లేదు. ఎదురు రావడం తప్పే. కిలోమీటరు దాకా డివైడరులో సందు లేకుండా కట్టిన రోడ్డులో ఆ తప్పు ఎందుకు పుడుతుందో కూడా ఆలోచించాలి. దీపం లేకపోవడానికి మాత్రం సాకు లేదు, అందులో నేను వాళ్ల పక్షం కాను.

రోడ్డు ఒక్కటే బాగుపడితే సైకిల్ నడవదు. దాన్ని నడిపించే మరో మనిషి ఉన్నాడు, రోడ్డు పక్క మెకానిక్. ఆయన గురించి ఏ నగర ప్రణాళికా ఒక్క వాక్యం రాయదు. మన గాలిలో ఉప్పుంది. పోర్టు చుట్టుపక్కల గాలిలో బొగ్గు పొడి, ముడి ఖనిజం ధూళి ఉన్నాయి. నూనె వేసిన చైను మీద ఆ ధూళి అంటుకుంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే. సరిగ్గా 12 అంగుళాలు ఉండవలసిన చైను ముక్క అరిగి మరో అంగుళంలో ఎనిమిదో వంతు సాగిందంటే అది తనతో పాటు ఫ్రీవీల్ పళ్లను కూడా తినేసే దశకు వచ్చిందని అర్థం. వర్షం పడితే ఇనుప రిమ్ము మీద రబ్బరు కట్టలు జారిపోతాయి, నల్ల సైకిల్ ఆగదు. ఎదుట ఆటో ఆగినా ఆగదు. అందుచేత బ్రేకు కట్టలు సమయానికి మార్చే మెకానిక్ రోడ్డు భద్రతలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌తో సమానమైన భాగస్వామి. సమయానికి ఓవరాయిలింగ్ చేసి, గోళీలకు గ్రీజు పెట్టి, వంకరపోయిన రిమ్మును స్పోకు స్పోకూ బిగించి నిలబెట్టే ఆ పని పుస్తకాల్లో దొరకదు. వెనక చక్రంలో 40 స్పోకులుంటే ఏది ఎంత బిగించాలో ఆయన చెవితో, వేళ్లతో తేలుస్తాడు.

ఆయన దుకాణం ఏది? ఒక చెట్టు నీడ, గాలి పంపు, పంక్చరు చూడ్డానికి నీళ్ల తొట్టి, సొల్యూషన్ డబ్బా, చెక్కపెట్టెలో పానాలు. ఆక్రమణల తొలగింపు డ్రైవ్ వచ్చిన ప్రతిసారీ జేసీబీ ముందు నిలబడేది ఆ పెట్టే. ఈ విషయంలో నా కోపం సైకిల్‌ను దాటి వెళుతుంది, దాచుకోను. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం వీధిలో సరుకులు అమ్మేవారినే కాక ప్రజలకు సేవలు అందించేవారిని కూడా తన నిర్వచనంలో చేర్చింది. చెప్పులు కుట్టేవారు, సైకిల్ బాగుచేసేవారు అందులోకి వస్తారు. సర్వే పూర్తి చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదని మూడో సెక్షన్ చెబుతోంది. ఫుట్‌పాత్ మీద కారు నిలిపినవాడికి చలానా, పంపు పెట్టుకున్నవాడికి జేసీబీ: ఈ లెక్క ఎక్కడిది? నడిచేవారి దారికి అడ్డం లేకుండా కూడలికొక మెకానిక్‌కు ఆరడుగుల చోటు గీత గీసి ఇస్తే నగరానికి అయ్యే ఖర్చు తెల్ల రంగు డబ్బా ఖరీదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. సంతోషం. అదే రోజు చిన్న కార్ల మీద 28 నుంచి 18కి దిగింది. చవకైన సైకిల్ కొని, దాన్ని బాగుచేసేవాడు లేక, తొక్కే చోటు లేక, మేడ మీద తుప్పు పట్టించుకోవడానికి ఈ రాయితీ పనికొస్తుంది.

ఇక ముందున్న ప్రమాదం గురించి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 138వ సెక్షన్‌కు 1ఏ ఉపవిభాగం చేర్చి, మోటారు లేని వాహనాలు, పాదచారులు బహిరంగ ప్రదేశాల్లోకీ జాతీయ రహదారుల మీదకీ రావడాన్ని నియంత్రించే నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆ నియమాలను ఆరు నెలల్లో రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కోర్టు ఉద్దేశం బలహీనుల రక్షణ. కానీ నియంత్రణ అన్న మాటను మన అధికార యంత్రాంగం చేతికిస్తే ముందుగా పుట్టేది నిషేధమే. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించిన సంగతి మరవకూడదు. ఆ బాటలో ఆంధ్రప్రదేశ్ నియమాల్లో ‘జాతీయ రహదారిపై సైకిళ్లకు అనుమతి లేదు’ అని ఒక్క వాక్యం చేరితే, గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చే కార్మికుడు మర్నాటి నుంచే చట్టవిరోధి అవుతాడు. గుద్దిన వాడి వకీలుకు అంతకన్నా కావలసిందేముంది?

రాష్ట్రం రాసే నియమాల్లో ఉండవలసినవి వేరు. ప్రత్యామ్నాయ దారి లేని చోట జాతీయ రహదారిపై సైకిల్‌కు హక్కుగా చోటు. గీతతో సరిపెట్టక ఎత్తయిన రాతి అంచుతో వేరు చేసిన వరుస. దాటే వాహనానికి మీటరున్నర ఎడం. నగర పరిధిలో 40 పరిమితి. రోడ్డు రూపకల్పనలో లోపం వల్ల ప్రాణం పోతే బాధ్యులైన అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా వేయడానికి అదే చట్టంలో 198ఏ సెక్షన్ ఇప్పటికే ఉంది; పోయింది సైకిల్ మనిషి ప్రాణమైనా ఆ సెక్షన్ వర్తిస్తుందని నియమాల్లో విడిగా చెప్పాలి. వీటన్నిటికీ ఒక గడువు ఉంది. విశాఖ మెట్రో కోసం ఈ హైవే వెంబడే డబుల్ డెక్కర్ వంతెనలు ప్రతిపాదించారు. వంతెన స్తంభం ఎక్కడ దిగుతుందో తేలితే కింద మిగిలే నేల ఎవరిదో కూడా తేలిపోతుంది, ఆ తరవాత సైకిల్ వరుస కోసం ఎవరు అర్జీ పెట్టుకున్నా స్థలం లేదన్న జవాబే వస్తుంది. కాబట్టి స్తంభాల నక్షా ఖరారయ్యేలోగా నేల మీది వాహనాల నక్షాను కూడా ప్రజల ముందు పెట్టి, గాజువాక, మల్కాపురం, మధురవాడ వార్డుల్లో షిఫ్టు ముగిసే వేళల్లో అభ్యంతరాలు స్వీకరించాలి. పగలు పదకొండు గంటలకు కలెక్టరేట్‌లో పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకు ఆ సైకిళ్ల వాళ్లు రాలేరు. అప్పుడు వాళ్లు పనిలో ఉంటారు.